బైలకుప్పె టిబెటన్లు: ఆరు దశాబ్దాల తాత్కాలిక నివాసం

కర్ణాటకలో మైసూరు నుంచి మడికేరి వెళ్లే దారిలో సుమారు 80 కిలోమీటర్లు పోతే బైలకుప్పె వస్తుంది. కావేరి ఒడ్డున కొడగు జిల్లాలో ఉన్న కుశాలనగర్ దీనికి పొరుగూరు. పిరియాపట్న తాలూకాలోని ఈ ప్రాంతమంతా 1960 దాకా అడవి. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం భారతదేశంలో ఏర్పడిన తొలి వ్యవసాయ స్థావరం ఇక్కడే మొదలైంది. ఆ తర్వాత దేశమంతటా ఏర్పడిన టిబెటన్ స్థావరాలకు ఇదే నమూనా అయింది. కట్టుబట్టలతో వచ్చినవాళ్లు పొలాలు, బడులు, మఠాలు, సహకార సంఘాలు నిలబెట్టుకున్నారు. పునరావాసం ఫలించిన ఉదాహరణగా బైలకుప్పెను తరచూ చెబుతారు. అయితే అక్కడి ఏర్పాట్లన్నీ ఒక ఊహ మీద ఆధారపడ్డాయి. వచ్చినవాళ్లు కొన్నేళ్లుండి తిరిగి వెళ్లిపోతారని అటు ఆశ్రయమిచ్చిన ప్రభుత్వమూ, ఇటు ఆశ్రయం పొందినవాళ్లూ అనుకున్నారు. స్థావరానికి వచ్చిన బలమూ, వదలని చిక్కులూ చాలావరకు ఆ ఊహలోంచి పుట్టినవే.

రాక

చైనా సైన్యం 1950 అక్టోబరులో తూర్పు టిబెట్‌లోని చామ్‌డోను పట్టుకుంది. మరుసటి ఏడాది కుదిరిన 17 అంశాల ఒప్పందంతో టిబెట్ చైనా అధీనంలోకి వెళ్లింది. భారత ప్రభుత్వం 1954 నాటి పంచశీల ఒప్పందంలో టిబెట్‌ను చైనాలోని ఒక ప్రాంతంగానే పేర్కొంది. 1959 మార్చి 10న లాసాలో తిరుగుబాటు చెలరేగింది. వారం తిరిగేసరికి దలైలామా రహస్యంగా నగరం విడిచి, మార్చి 31న తవాంగ్ వైపు నుంచి భారత సరిహద్దు దాటారు. ఆశ్రయమిస్తున్నట్టు ప్రధాని నెహ్రూ ఏప్రిల్ మొదటి వారంలోనే పార్లమెంటుకు తెలిపారు. ఆశ్రయానికి అభ్యంతరం లేదు, కాని ప్రవాస ప్రభుత్వాన్ని గుర్తించడం కుదరదన్నది భారత్ వైఖరి. శరణార్థులను మానవతా దృష్టితో చూడాలి, వారి రాజకీయ హోదా గురించి మాత్రం మాట్లాడకూడదు అన్న ఈ సర్దుబాటు తర్వాతి కాలమంతా కొనసాగింది.

దలైలామా వెనుక సుమారు 80,000 మంది హిమాలయాలు దాటి వచ్చారు. మొదట వారిని అసోంలోని మిస్సమారిలో వెదురు పాకల శిబిరంలో ఉంచారు. భిక్షువుల్లో చాలామందిని ఉత్తర బెంగాల్‌లోని బక్సా దువార్‌కు పంపారు. అది బ్రిటిష్ వారి కాలంలో ఖైదీలను ఉంచిన కోట. లాసా సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తులో, పొడి చలిలో పుట్టి పెరిగినవాళ్లు బ్రహ్మపుత్ర లోయ ఉక్కపోతలో, వానల్లో పడ్డారు. ఒంటిమీది ఉన్ని బట్టలు తప్ప మార్చుకోవడానికి వేరే బట్టల్లేవు. తాగే నీరు పడలేదు. చల్లటి కొండగాలిలో అంతగా ఎదురుపడని రోగాలు ఇక్కడ ఒక్కసారిగా చుట్టుముట్టాయి. విరేచనాలు, క్షయ చాలామంది ప్రాణాలు తీశాయి.

శిబిరాల్లో ఎక్కువకాలం ఉంచడం మంచిది కాదని ప్రభుత్వం వేలాదిమందిని హిమాచల్, సిక్కిం, కశ్మీర్ కొండల్లో రోడ్డు పనులకు పంపింది. ఎత్తు ప్రాంతాలు కాబట్టి వాతావరణం పడింది గాని పని ప్రాణాంతకం. కొండచరియలు విరిగిపడేవి, బండలు పేల్చేటప్పుడు ప్రమాదాలు జరిగేవి. పని ఒకచోట ముగిస్తే గుడారాలు ఎత్తుకుని మరోచోటికి పోవాలి. తల్లిదండ్రులు రాళ్లు కొడుతుంటే పిల్లలు రోడ్డు పక్కనే ఉండేవారు. 1960 మేలో జమ్మూ ప్రాంతపు రోడ్డు శిబిరాల నుంచి 51 మంది పిల్లలను దలైలామా నివాసముంటున్న ధర్మశాలకు తీసుకొచ్చి, ఆయన అక్క ఆధ్వర్యంలో శిశు సంరక్షణాలయం తెరిచారు. టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అనే పెద్ద విద్యాసంస్థ దానినుంచే ఎదిగింది.

అడవిలో తొలి ఏళ్లు

రోడ్డు పని శాశ్వతం కాదు. పైగా జనం చెల్లాచెదురైపోతే భాష, మతం, ఆచారం రెండు తరాల్లో కరిగిపోతాయని టిబెటన్ నాయకత్వం భయపడింది. పెద్ద గుంపులుగా ఒకేచోట ఉండనివ్వాలని వారు కోరారు. నెహ్రూ రాష్ట్రాలను భూమి ఇవ్వగలరా అని అడిగారు. చల్లటి ప్రాంతాల్లో అంత ఖాళీ నేల దొరకలేదు. అప్పటి మైసూరు రాష్ట్రం ముందుకొచ్చి బైలకుప్పె దగ్గర సుమారు 3,000 ఎకరాల అటవీ భూమిని కేటాయించింది. అక్కడ 3,000 మందిని స్థిరపరచాలన్నది లెక్క. ఇలా హిమాలయాల నుంచి వచ్చిన జనం దక్షిణాది అడవికి చేరారు. ఎస్. నిజలింగప్ప ముఖ్యమంత్రిగా ఉన్న 1966లో ఉత్తర కన్నడ జిల్లా ముండగోడులో మరో పెద్ద స్థావరం వెలిసింది. ఆయన పేరును కర్ణాటక టిబెటన్లు ఇప్పటికీ కృతజ్ఞతతో తలుచుకుంటారు.

తొలి జట్లు 1960 చివర్లో దిగాయి. వారికి కనిపించింది పొలం కాదు, వెదురు పొదలు, పెద్ద చెట్లు, ముళ్ల తుప్పలు. గుడారాల్లో, వెదురు గుడిసెల్లో ఉంటూ పగలంతా చెట్లు కొట్టేవారు. కొట్టినవాటిని కుప్పలేసి తగలబెట్టి, మొద్దులు పెకలించి నేల చదును చేసేవారు. దానికి రోజుకూలీ, రేషను ఇచ్చేవారు. మీద ఎండ, పక్కన మంట. రాత్రయితే ఏనుగులు గుడిసెల మీదికి వచ్చేవి. డబ్బాలు వాయించి, కాగడాలు పట్టుకుని తరిమేవారు. కష్టపడి వేసిన తొలి పంటలను ఏనుగులు, అడవి పందులు తొక్కి పాడుచేసిన సందర్భాలెన్నో. వచ్చినవాళ్లలో చాలామంది పశువుల మందలు మేపుకునే సంచార జాతులవారు, వర్తకులు, భిక్షువులు. నాగలి పట్టినవారికి కూడా తెలిసింది బార్లీ సాగే. ఇక్కడి నేల వేరు, వాన పద్ధతి వేరు.

తిండి కూడా మారాల్సి వచ్చింది. టిబెటన్ల ప్రధానాహారం త్సంపా. బార్లీ వేయించి దంచిన ఈ పిండి తెలుగువారి పేలపిండి లాంటిది. వెన్న, ఉప్పు కలిపిన టీతో ముద్దచేసి తింటారు. బైలకుప్పె వేడిలో బార్లీ సాగు కుదరదు, జడల బర్రె బతకదు. దాంతో గోధుమ, బియ్యం రోజువారీ తిండిలో చేరాయి. టీలోకి ఆవు వెన్న వచ్చింది. మందపాటి ఉన్నితో కుట్టే పొడవాటి అంగీ చుబా పండగలకు, పెళ్లిళ్లకు పరిమితమైంది. స్త్రీలు అదే కుట్టు పద్ధతిలో పలుచటి నూలు దుస్తులు కుట్టించుకున్నారు. శవాన్ని కొండ మీద గద్దలకు అర్పించే ఆచారం ఇక్కడ సాధ్యం కాదు కనుక దహనమే సాధారణమైంది.

ఎకరం లెక్క

చదునైన భూమిని మనిషికి ఎకరం చొప్పున పంచారు. ఇళ్లు ఐదుగురికి ఒకటి చొప్పున కట్టారు. కుటుంబంలో అంతమంది లేకపోతే వేరేవాళ్లను కలిపి లెక్క సరిచేసేవారు. లాసాలో పరిచారకులతో బతికిన దొరకూ, అతని భూమిలో పని చేసిన రైతుకూ ఇక్కడ దక్కింది ఒకే ఎకరం. పాత హోదాలు మాటల్లో, మర్యాదల్లో మిగిలాయి గాని జీవనాధారంలో సమానత్వం వచ్చింది. టిబెట్‌లో భూమి చీలిపోకుండా అన్నదమ్ములంతా ఒకే స్త్రీని పెళ్లాడే పద్ధతి కొన్ని వర్గాల్లో ఉండేది. వారసత్వంగా చీలే సొంత భూమే లేనిచోట ఆ పద్ధతికి అవసరం తగ్గి, క్రమంగా కనుమరుగైంది.

స్థావరం పేరు లుగ్‌సుంగ్ సందుప్లింగ్. దాన్ని క్యాంపులుగా విభజించారు. ఒక్కో క్యాంపుకు జనం ఎన్నుకున్న పెద్ద ఉంటాడు. మొత్తానికి ధర్మశాలలోని టిబెటన్ పాలనా వ్యవస్థ నియమించిన అధికారి ఉంటాడు. 1969లో పక్కనే డిక్యీ లార్సో అనే రెండో స్థావరం వచ్చింది. ఈ రెంటినీ వాడుకలో పాత క్యాంపు, కొత్త క్యాంపు అంటారు. స్విస్ సహాయంతో ట్రాక్టర్లు వచ్చాయి. వాన మీద ఆధారపడిన మెట్ట సాగులో మొక్కజొన్న ప్రధాన పంటగా కుదురుకుంది. రాగి కూడా వేశారు. విత్తనాలు, ఎరువులు అరువివ్వడం, ట్రాక్టరు అద్దెకివ్వడం, పంట కొనడం, పిండిమర నడపడం సహకార సంఘం బాధ్యతలు. తివాచీలు నేసే కేంద్రం స్త్రీలకు కూలి చూపించింది. రాజకీయ హోదా లేని జనం తమ రోజువారీ పాలనను తామే నడుపుకోవడానికి ఈ సంఘాలే ఆధారమయ్యాయి.

కర్ణాటకలోని స్థావరాల అభివృద్ధి కోసమే 1968లో మైసూర్ రీసెటిల్‌మెంట్ అండ్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ, అంటే మైరాడా, ఏర్పడింది. పదేళ్లకు టిబెటన్ల పని ఒక కొలిక్కి రాగానే ఆ సంస్థ స్థానిక పేదల వైపు దృష్టి మళ్లించింది. 1980ల మధ్యలో అది గ్రామాల్లో పెంచిన చిన్న పొదుపు బృందాలు తర్వాత పెద్ద ఉద్యమానికి దారితీశాయి. నాబార్డ్ 1992లో బ్యాంకులతో అనుసంధానించిన స్వయం సహాయక సంఘాలకు తొలి నమూనాల్లో అవి ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో లక్షలాది మహిళలు సభ్యులుగా ఉన్న పొదుపు సంఘాల చరిత్రలో, దూరంగానైనా, టిబెటన్ పునరావాసానికి ఇలా ఒక పాత్ర ఉంది.

బడులు, మఠాలు

టిబెటన్ పిల్లలకు ప్రత్యేక పాఠశాలలుండాలని నెహ్రూ మొదటినుంచీ అన్నారు. తమ భాష, సంస్కృతి నిలుపుకుంటూనే ఆధునిక విద్య నేర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. తొలి బడి 1960 మార్చిలో ముస్సోరీలో తెరుచుకుంది. 1961లో కేంద్ర విద్యాశాఖ కింద టిబెటన్ పాఠశాలల సంస్థ ఏర్పడి, బైలకుప్పెతో సహా స్థావరాల్లో బడులు నడిపింది. పిల్లలు టిబెటన్, ఇంగ్లీషు, హిందీ నేర్చుకున్నారు. కన్నడం బజారులో, పొలంలో, బస్సులో అబ్బింది. ఒకటి రెండు తరాలకే అక్షరాస్యత బాగా పెరిగింది. కాని ఆ చదువుకు తగిన పని స్థావరంలో లేదు. డిగ్రీ పట్టా పుచ్చుకున్న కుర్రవాడు మొక్కజొన్న చేను చూసుకుంటూ ఉండిపోలేడు. నర్సులుగా, ఉపాధ్యాయులుగా, బెంగళూరు కాల్ సెంటర్లలో ఉద్యోగులుగా యువత బయటికి నడిచింది.

మఠాల పునర్నిర్మాణం మరో పెద్ద ప్రయత్నం. బక్సాలో మిగిలిన భిక్షువులను 1970 ప్రాంతంలో దక్షిణానికి తరలించారు. లాసా సమీపంలోని మూడు మహామఠాల్లో సెరా బైలకుప్పెలోనూ, డ్రెపుంగ్, గాండెన్ ముండగోడులోనూ మళ్లీ వెలిశాయి. సెరా కొన్ని వందల మంది భిక్షువులతో మొదలై వేలకు పెరిగింది. భిక్షువులు కూడా అడవి కొట్టారు, పొలం దున్నారు, సాయంత్రం తర్కశాస్త్రం చదివారు. టిబెటన్ బౌద్ధ గురువు పెనోర్ రింపోచే 1963లో బైలకుప్పెలో వెదురు గుడితో ప్రారంభించిన నమ్‌డ్రోలింగ్ మఠం ఆవరణలో 1999లో ప్రారంభమైన పెద్ద ఆలయాన్ని జనం గోల్డెన్ టెంపుల్ అంటారు. అందులో సుమారు 60 అడుగుల ఎత్తున బంగారు పూత పూసిన విగ్రహాలున్నాయి. కొడగు వెళ్లే యాత్రికుల్లో చాలామంది అక్కడ ఆగుతారు. 1980ల నుంచి నేపాల్ మీదుగా కొత్తగా వచ్చిన శరణార్థుల్లో చాలామందికి ఈ మఠాలు, బడులే ఆశ్రయమయ్యాయి. అప్పటికే పంచిన భూమిలో వారికి వాటా లేదు.

ఊలు బట్టల వ్యాపారం

మనిషికి ఎకరం అన్న లెక్క మొదటి తరానికే సరిపోయింది. పిల్లలు పుట్టారు, భూమి పెరగలేదు. వానలు తప్పిన ఏడు మెట్టసాగు నిలవదు. ఆ లోటును తీర్చింది చలికాలపు స్వెటర్ల వ్యాపారం. 1960ల చివర, 70లలో కొందరు మొదలుపెట్టిన ఈ పని క్రమంగా దేశమంతటా స్థావరాలకు ప్రధాన ఆదాయమైంది.

దీని తీరు పంటల క్యాలెండరుకు చక్కగా కుదిరింది. ఏప్రిల్, మే జల్లులకు మొక్కజొన్న వేసి, కోత అయ్యాక అక్టోబరులో కుటుంబాలు బయల్దేరతాయి. సరుకు లూధియానా మిల్లులది. టోకు వర్తకుడికి కొంత సొమ్ము ముందు కడితే మిగతాది అరువు. సీజను ముగిశాక లెక్క తేల్చాలి. పూచీకత్తుగా పెట్టడానికి ఆస్తి లేని విదేశీయులకు లూధియానా వర్తకులు ఇంత అరువివ్వడానికి కారణం, ఏటా తప్పకుండా బాకీ తీరుస్తారన్న పేరే. ఎవరైనా ఎగ్గొడితే ఆ మచ్చ మొత్తం స్థావరం మీద పడుతుంది గనుక సాటివాళ్లే ఒత్తిడి చేసి కట్టిస్తారు. ఊరూరా అమ్మకందార్ల సంఘాలుంటాయి. ఫుట్‌పాత్ మీదనో, మైదానంలోనో స్థలం కోసం మున్సిపాలిటీని అడగడం, దుకాణాలకు చీట్లు వేసి చోటు పంచడం, పోటీపడి ధర దించకుండా చూడటం వాటి పని.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో చలికాలం రాగానే వెలిసే టిబెటన్ స్వెటర్ల దుకాణాలు ఈ ఏర్పాటులో భాగమే. కొనేవాళ్లు చాలాసార్లు వారిని నేపాలీలనుకుంటారు. బట్టలు వారు చేత్తో అల్లినవనీ అనుకుంటారు. రెండూ నిజం కావు. అమ్మేవాళ్లు నాలుగు నెలలు అద్దెగదుల్లో సర్దుకుంటారు. పిల్లలు హాస్టళ్లలో, ముసలివాళ్లు ఇంటిదగ్గర ఉంటారు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చే టిబెటన్ సంవత్సరాది లోసర్‌కు అంతా ఇల్లు చేరతారు. చలి సరిగా పడని ఏడు సరుకు మిగిలిపోయి అప్పు మరుసటి ఏటికి పేరుకుంటుంది. ఆన్‌లైన్ అమ్మకాలు, మాల్స్ పెరిగాక లాభం మరింత పలచబడింది. తెలుగు నేలతో వారికి మతపరమైన బంధం కూడా ఉంది. ఆచార్య నాగార్జునుడిని ఆరాధించే టిబెటన్ బౌద్ధులు 2006 జనవరిలో అమరావతిలో దలైలామా నిర్వహించిన కాలచక్ర ఉత్సవానికి వేలాదిగా తరలివచ్చారు.

కాగితాల బతుకు

శరణార్థుల హోదాపై ఐక్యరాజ్యసమితి 1951లో చేసిన ఒడంబడికలో భారత్ చేరలేదు. శరణార్థులకంటూ దేశంలో ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్లు చట్టం దృష్టిలో విదేశీయులు. పెద్దవారైన ప్రతి ఒక్కరి దగ్గర పోలీసులు, విదేశీయుల నమోదు కార్యాలయం ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని గడువు లోపల పునరుద్ధరించుకోవాలి. చాలాకాలం ఆ గడువు ఏడాదే ఉండేది, తర్వాత కొన్ని వర్గాలకు ఐదేళ్లకు పొడిగించారు. విదేశం వెళ్లాలంటే పాస్‌పోర్టుకు బదులు పసుపుపచ్చ పుస్తకం రూపంలో గుర్తింపు పత్రం తీసుకోవాలి. అనేక విమానాశ్రయాల్లో దాన్ని చూసి అధికారులు తికమకపడతారు. 1972 నుంచి ప్రవాస పాలనా వ్యవస్థ తన వంతుగా గ్రీన్ బుక్ ఇస్తోంది. స్వచ్ఛంద పన్ను కట్టిన లెక్క అందులో ఉంటుంది. ఇలా ఒకే మనిషి రెండు పాలనల కాగితాలు దాచుకోవాలి.

స్థావరం భూమి ఎవరి పేరునా లేదు. ప్రభుత్వానిది. సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, అమ్మకానికి, తాకట్టుకు వీల్లేదు. అందువల్ల బ్యాంకు అప్పు కష్టం. 2014 నాటి కేంద్ర టిబెటన్ పునరావాస విధానం రాష్ట్రాలు 20 ఏళ్ల లీజు పత్రం రాసివ్వాలనీ, సంక్షేమ పథకాలు వర్తింపజేయాలనీ సూచించింది. దీంతో కొంత స్థిరత్వం వచ్చినా యాజమాన్యం రాలేదు.

పౌరసత్వం మరింత చిక్కైన విషయం. పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26కూ 1987 జులై 1కీ మధ్య భారత్‌లో పుట్టినవారు పుట్టుకతో పౌరులే. టిబెటన్లకూ ఇది వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2010లో, కర్ణాటక హైకోర్టు 2013లో తీర్పులిచ్చాయి. అలాంటివారిని ఓటర్లుగా చేర్చాలని 2014లో ఎన్నికల సంఘం ఆదేశించింది. 2017లో పాస్‌పోర్టులకు దారి తెరుచుకుంది, వెంటనే షరతులూ వచ్చాయి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అప్పగించాలి, స్థావరంలో ఉండకూడదు, ప్రవాస పాలన నుంచి సాయం పొందకూడదు. పౌరుడు కావాలంటే తాత కొట్టిన అడవిలోని ఇల్లు వదులుకోవాలన్నమాట. దీనికి తోడు, పౌరసత్వం తీసుకుంటే టిబెట్ పోరాటం బలహీనపడుతుందన్న వాదన సమాజంలో ఉంది. అర్హత ఉన్నా చాలామంది దరఖాస్తు చేయకపోవడానికి ఈ రెండూ కారణాలు.

హోదా లేకున్నా భారత్ కోసం పోరాడినవారున్నారు. 1962 నవంబరులో, చైనాతో యుద్ధ సమయంలో, టిబెటన్లతో స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ ఏర్పడింది. ఆ దళం 1971 యుద్ధంలో చిట్టగాంగ్ కొండల్లో పోరాడింది. దాని పాత్ర చాలాకాలం గోప్యంగానే ఉండిపోయింది.

పొరుగువారితో సంబంధం

చుట్టుపక్కల కన్నడిగులతో సంబంధం లావాదేవీలతో మొదలైంది. స్థావరం పొలాల్లో, మఠాల నిర్మాణాల్లో స్థానికులకు కూలి దొరికింది. కుశాలనగర్ బజారు టిబెటన్ల కొనుగోళ్లతో పెరిగింది. గోల్డెన్ టెంపుల్ యాత్రికుల వల్ల ఆటోలకు, హోటళ్లకు గిరాకీ వచ్చింది. అదే సమయంలో విదేశీ దాతల సొమ్ముతో మేడలు కడుతున్నారన్న అసూయ, తమకు లేని భూమి పరాయివాళ్లకు ఇచ్చారన్న అసంతృప్తి అప్పుడప్పుడూ వినిపిస్తాయి. 1994లో ధర్మశాలలో ఒక హత్య తర్వాత టిబెటన్ల ఆస్తుల మీద దాడులు జరిగాయి. ఆశ్రయం ఎంత పాతబడినా స్థానికుల సద్భావం మీదే నిలుస్తుందని ఆ ఘటన గుర్తుచేసింది. దక్షిణాదిలో అంతటి ఘర్షణ లేకపోవడానికి కన్నడం ధారాళంగా మాట్లాడటం, పనిలో ఒకరిపై ఒకరు ఆధారపడటం కారణాలు.

రెండో వలస

1990 నాటి చట్టంతో అమెరికా భారత్, నేపాల్‌లలోని 1,000 మంది టిబెటన్లకు వీసాలిచ్చింది. వెళ్లినవారు తర్వాత కుటుంబాలను పిలిపించుకున్నారు. న్యూయార్క్, మిన్నెసోటా, టొరంటోలలో పెద్ద సమాజాలు ఏర్పడ్డాయి. అక్కడ కొన్నేళ్లలో పౌరసత్వం, పాస్‌పోర్టు దొరుకుతాయి. బైలకుప్పెలో అరవై ఏళ్లకూ దొరకనిది అదే. 2008 తర్వాత టిబెట్ నుంచి కొత్తగా వచ్చేవారు ఏడాదికి రెండు మూడు వేల నుంచి అతి కొద్దిమందికి పడిపోయారు. 2009 నాటి టిబెటన్ల సొంత జనగణన భారత్‌లో 94,203 మంది ఉన్నారని తేల్చింది. 2020 దశకం మొదట్లో ప్రభుత్వ లెక్క 70 వేల పైచిలుకే. వారిలో సుమారు 21,000 మంది కర్ణాటకలో ఉన్నారు.

దీని ప్రభావం స్థావరంలో స్పష్టంగా కనిపిస్తుంది. బడుల్లో పిల్లలు తగ్గి కొన్ని మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. సెరా వంటి మఠాల్లో చేరేవారిలో లద్దాఖ్, అరుణాచల్, నేపాల్, భూటాన్ హిమాలయ ప్రాంతాల పిల్లల సంఖ్య పెరిగింది. దున్నేవాళ్లు లేక చాలా పొలాలు స్థానిక రైతుల కౌలులోకి వెళ్లాయి. ఇళ్లు బాగుపడ్డాయి, వాటిలో ఉండేది ఎక్కువగా వృద్ధులు, సంపాదన విదేశాల నుంచి వస్తుంది.

ఆకలి, రోగం, ఎండ, ఏనుగులు లాంటి మొదటితరం కష్టాలను శ్రమ, సమష్టి క్రమశిక్షణ, ప్రభుత్వ సాయం దాదాపు ఇరవై ఏళ్లలో దాటించాయి. జనాన్ని ఒకేచోట ఉంచడం వల్ల భాష, మతం నిలిచాయి. తిరిగి వెళ్లేవారన్న భావనతో వాయిదా వేసిన భూమి హక్కు, పౌరసత్వం మాత్రం మూడో తరానికి ప్రధాన సమస్యలయ్యాయి. నేలను సాగుకు తేవడానికి ఒక తరం పట్టింది. ఆ నేలతో చట్టబద్ధమైన బంధం మూడు తరాలైనా తేలలేదు. స్థావరం ఖాళీ కావడానికి పేదరికం కన్నా ఇదే పెద్ద కారణమైంది.